ఈగలు వాలిన అక్షరాలు

జహీరాబాద్,
18 అక్టోబర్ 1987

విరూపా,

మళ్ళ జపాన్‌ల క్షేమంగ దిగినవని టెలిగ్రాం అందింది. ఈ ఉత్తరం నేను చెప్తుంటే మన ప్రెస్సు ప్రకాశం రాస్తున్నడు. ఇన్నేండ్లు నా వ్యాసాలు అచ్చువేసిన మనిషి, అక్షరం గుండ్రంగ ముద్దుగ ఉంటది. అదే నాకు గిట్టుతలేదు. నేను దొంగ అంటే ఆయన 'అనుచితంగా ప్రవర్తించిన వ్యక్తి' అని రాస్తడు. కలుపు కూలి మీద ఒక వ్యాసం చెప్పి రాయించిన. చదివించుకొని విన్న. ఎవరో పెద్దమనిషి పోతే పెట్టే సంతాప తీర్మానం లెక్క ఉన్నది. చింపెయ్యమన్న.

(చింపలేదు. దాచాను. – ప్రకాశం)

వానాకాలంల నాకు పక్షవాతం జర తగిలి పోయిందని అందరంటున్నరు. పోలే. నా కుడిచేతి వేళ్ళల్ల కిరాయికి దిగింది, ఖాళీ చెయ్యమంటే చేస్తలేదు. కలం పెడితే జారి పడుతది. ఈ చేతితోనే ఇన్నేండ్లు కొట్లాడిన. నాకు కొట్టుడు రాదు, రాసుడే వచ్చు. అది పోతే నా దగ్గర నోరొక్కటే మిగులుతది. నోరున్నోళ్ళకు ఈ ఊర్ల కొదువ లేదు.

ఇగ నువ్వు జపాన్ నుంచి తెచ్చి నాకు అంటగట్టిపోయిన ఆటల మిషన్ సంగతి. నీ చిన్న టీవీకి జపాన్ కరెంటే పడ్తదంటివి గద, మోటార్ వైండింగ్ దుకాణంల చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటది గాని పనిచేస్తున్నది. ఎర్ర క్యాసెట్ పెట్టిన. టప్పా మనిషి ఒకడు ఉత్తరాల సంచి ఏసుకొని ఉరుకుతనే ఉంటడు. గుంతలు, కాకులు, దొర్లే మొద్దులు. నా వేలు కదిలేసరికి వాడు గుంతల ఉంటడు. సరే, అది నా చేతి తప్పు. కాని వాణ్ణి జర వెనక్కి మళ్ళిద్దామంటే మళ్ళడు. తెర అంచు గోడ లెక్క అడ్డమొస్తది. నడిచొచ్చిన దారిని మింగుకుంట పోయే లోకం. వెనక్కి చూడొద్దు, అడగొద్దు, ఉరకాలె. ఇది ఆట కాదు, షిఫ్టు డ్యూటీ. సచ్చిపోతే మళ్ళ పుట్టిస్తరు, అదింకో అన్యాయం. పునర్జన్మ లేదని మైకు పట్టుకొని చెప్పిన మనిషి ఇంట్ల దినాం పునర్జన్మలే. మన ముందు గదిల బెల్లం అమ్మే దేవమ్మ నా పక్కన కూసుంటది. "టీచరమ్మా, పిలగాడు మళ్ళ లేసిండు. సంతోషపడక తిడ్తవేంది" అంటది.

ఒక్క ప్రశ్న. కుడి దిక్కు ఉన్న బటన్లు కుడి బొటనవేలుతోనే నొక్కాలె, ఎడమచెయ్యి పెడితే లోపల తీగ కాలిపోతదని స్టేషన్ల రైలెక్కుకుంట సుత చెప్పినవ్. ఎడమచేతి వాటం ఉన్నోళ్ళ మీద జపానోళ్ళకు ఇంత పగ ఎందుకో అడిగి రాయి. దీని మీద నేను ఊకోను.

దేవమ్మ బెల్లానికొచ్చే ఈగలు ఇప్పుడు టీవీ వెలుతురు మీద వాలుతున్నయి. కొంగుతోని తుడుచుడే నా పనైంది.

వాదానికి ఎప్పుడూ తయారుగ ఉండే
నీ మేనత్త మహాదేవమ్మ


నగోయా,
9 నవంబర్ 1987

అత్తమ్మకు శరణు.

(దేవునికి కాదు, నీకే. ముందే చెప్తున్న.)

మా పంపుసెట్ల కంపెనీ హాస్టల్ల నాకు ఒకదా అనే పిలగాడు జత దొరికిండు. నీ ఉత్తరం వానికి సగం చదివి చెప్పిన. షిఫ్టు డ్యూటీ అన్న కాడ కిందబడి నవ్విండు. వెనక్కి మళ్ళనియ్యకపోవుడు కుట్ర కాదత్తమ్మా. క్యాసెట్‌ల జాగా తక్కువ, దాటిన దారిని గుర్తుపెట్టుకునే శక్తి దానికి లేదు. పేదరికమే గాని దుర్మార్గం కాదు.

నాకైతే ఆ టప్పా మనిషి దూకే తీరు మస్తు ఇష్టం. బటన్ మెల్లగ తాకితే చిన్న దూకు, అదిమి పట్టుకుంటే పెద్ద దూకు. నా వేలికి వాని కాలికి నడుమ దారం కట్టినట్టుంటది. దినమంతా ఎవడో చెప్పినట్టు నట్లు బిగించి వచ్చినంక, నేను చెప్పినట్టు దూకేటోడు ఒకడున్నడని హాయిగుంటది. ఇదీ షిఫ్టు డ్యూటీయేనా?

నీకు ఉరుకుడు వద్దనుకుంటే నీలం క్యాసెట్ పెట్టు. అందుల తొందర లేదు. నువ్వు ఆలోచిస్తుంటే శత్రువు సుత ఆగుతడు. ఒక పాము నదిని తాగేసింది. ఊళ్ళల్ల బాయిలు ఎండినయి. రాజు ఒక బాటసారిని పిలిచి నదిని తెమ్మని పంపుతడు. ఊరూరు తిరుగుడు, మనుషులతోని మాట్లాడుడు, దారిల జంతువులను కొట్టి రూకలు సంపాదించుడు. జపాన్ భాషల ఎవరేమంటరో వేరే కాగితం మీద తెలుగుల రాసి ఇందుల పెట్టిన.

ఊరూరి బాయికాడ ఒక ముసలమ్మ ఉంటది. ఆమెతోని మాట్లాడితే తెర మీద మంత్రం వస్తది, ఒక వరుస జపాన్ అక్షరాలు. అవి రాసిపెట్టుకొని, తెల్లారి మిషన్ల పట్టిక చూసుకుంట పెడితే ఆగిన కాడి నుంచే ఆట మొదలైతది. నా దగ్గర సుత ఇదే క్యాసెట్ ఉన్నది. నువ్వు ఆ మంత్రాన్ని ఉత్తరంల పంపితే నీ బాటసారి ఇక్కడ నా తెర మీద లేస్తడు. నువ్వు ఆపిన కాడ నేను ఎత్తుకుంట, నేను ఆపిన కాడ నువ్వు. ఒక్క షరతు. ఆ గుర్తులు నువ్వే గియ్యాలె. ప్రకాశం మామ గీస్తే అందంగ మార్చేస్తడు.

ఎడమచేతి సంగతి ఇంజనీర్లను అడుగుత. అప్పటిదాంక జర కుడిచేతితోనే.

నీ అల్లుడు,
విరూపాక్ష


జహీరాబాద్,
3 జనవరి 1988

విరూపా,

మంత్రం అంటవా. నాకు, మంత్రం. ఈ ముక్క ప్రకాశంతోని రాయించుకునేటప్పుడు ఆయన పండ్లు బయటపెట్టి నవ్వుతున్నడు.

(నవ్వాను. – ప్రకాశం)

ఆ మాట ఈ ఇంట్ల చెల్లదు. నిజాం కాలంల ఒక ఊరి సరుకు ఇంకో ఊరికి తోలాలంటే రాహదారీ పర్వానా అని అనుమతి కాగితం ఉండె. ఇదీ అదే. ఇకనుంచి పర్వానా అనే రాయాలె.

నెల సంది ఆడుతున్న. నా అభిప్రాయం విను, అడ్డం రాకు.

ఈ బాటసారి ఎవరి ఇంట్ల పడితే వాళ్ళ ఇంట్ల జొరబడి కుండలు తెరిచి చూస్తడు. ఇంటామె పక్కనే నిలబడి, వాన పడ్తలేదని చెప్తది తప్ప, నువ్వెవడివిరా అనదు. కత్తి చేతుల ఉన్నోణ్ణి చూసి ఊకున్నదని నేనంటున్న. మర్యాద అని నువ్వంటవ్. రెండోది. కప్పలు, గుడ్లగూబలు దారి పక్కన వాటి మానాన అవి ఉంటే, రూకల కోసం కొట్టి చంపుమంటరు. మొదటి దినం నేను ఒక్క కప్పను కొట్టలే. అవి నన్ను కొట్టినయి. దేవమ్మ "నీతులు తర్వాత, ముందు కొట్టు టీచరమ్మా" అని నా మోచెయ్యి పొడిచింది. కొట్టిన. బాధైంది. తర్వాత అంత బాధ కాలే. దాని గురించే నాకు ఇప్పుడు బాధ.

మూడోదే అసలుది. ఊళ్ళల్ల చుక్క నీళ్ళు లేవు. మరి రాజు కోట చుట్టూ కందకం చూసినవా? నిండుగున్నది. నీలంగ, అలలు సుత కదులుతున్నయి. నదిని పాము తాగిందని ఎవరు చెప్పిన్రు? రాజు చెప్పిండు. ఇంకెవరన్న చూసిన్రా? నీ కాగితమంతా వెతికిన. ఒక్క మనిషి సుత 'నేను కండ్ల చూసిన' అనలే. రాజు దగ్గరికి పోయి కందకం సంగతి అడుగుదామంటే, ఎన్నిసార్లు మాట్లాడినా "ధీరుడా, నదిని తీసుకురా" అనే ఒక్క ముక్క. మన దగ్గర ఇట్లాంటోళ్ళను చాలామందిని చూసిన.

అయినా రాత్రి కండ్లు మూసుకుంటే ఆ దారులే కనపడుతున్నయి. ఎండిన వాగు దాటినంక సంగీతం మారుతది గద, అక్కడ నాకు మా అమ్మగారి ఊరు యాదికొస్తది. ఇది ఎవరికీ చెప్పకు.

కింద ఉన్నది పర్వానా. నేనే గీసిన. ఆ జపాన్ అక్షరాలకు గాలం, చుట్ట, మోచెయ్యి, ఇంటికప్పు అని పేర్లు పెట్టుకొని గీసిన. ఒక పూట పట్టింది. వంకరైతే కానియ్యి. ఇక్కడ మిషన్ల పెడితే ఒప్పుకోలే. మంత్రాలు పనిచెయ్యవని నాకు ముందే తెలుసు. అందుకే మిషన్ ఆపుతలేను, టీవీ ఒక్కటే ఆపుతున్న. కరెంటు పోతే మళ్ళ రాజు కాళ్ళకాడ మొదలు. నీ దగ్గరన్న ఒప్పుకుంటదేమో చూడు.

కందకం ఒడ్డున నిలబడ్డ
నీ అత్త


నగోయా,
24 జనవరి 1988

అత్తమ్మకు శరణు.

నీ అక్షరాలను నేను, ఒకదా ఒక్కొక్కటే మిషన్ల పెట్టి చూసినం. బాగున్నయి. మిషన్ మాత్రం ఒప్పుకోలే. నా దిక్కే ఏదో తప్పుండొచ్చు. వీలైతే ఇంకోటి పంపు, వీలుకాకుంటే వద్దు, తొందరేం లేదు. మెల్లగనే.

కందకం సంగతి ఒకదాను అడిగిన. అది అందం కోసం గీసిన్రంట. రాజు మంచోడే అత్తమ్మా, పాపం ముసలోడు. నువ్వు ప్రతి రాజునూ మా నాయిన లెక్క న్యాల్‌కల్ నుంచే వచ్చిండనుకుంటవ్.

ఇక్కడ కొత్తది ఒకటొచ్చింది. అందుల బాటసారి ఒక్కడు కాదు, నలుగురు. ఒకరు వైద్యం చేస్తరు, ఒకరు దెబ్బలు కాస్తరు. ఒక్కరు పడిపోతే మిగతా ముగ్గురు మోసుకుంట పోతరు. ఆడుతుంటె నువ్వే యాదికొచ్చినవ్.

చెయ్యి నొస్తే రాయకు.

విరూప


జహీరాబాద్,
21 ఫిబ్రవరి 1988

విరూపా,

నలుగురు కలిసి పోవుడు, పడ్డోణ్ణి మోసుకపోవుడు. జపాన్‌ల ఎవరికో బుద్ధి పుట్టింది. వాళ్ళకు నా అభినందన చెప్పు.

ఇక్కడి నుంచి నా చెయ్యి. ప్రకాశాన్ని లేపిన. చూసుకో. అక్షరం కోడి గీకినట్టున్నది గాని నాదే. నాలుగు వాక్యాలకు వేళ్ళు తిమ్మిరెక్కినయి. జర ఆగి మళ్ళ రాస్తున్న.

'వీలుకాకుంటే వద్దు' అని రాసినవ్. నువ్వెప్పటి సంది ఇంత మెత్తగైనవ్? పోయినేడు కూలి రేట్ల మీద నాతోని తెల్లారేదాంక కొట్లాడినోనివి గద.

రెండో పర్వానా పెట్టిన. జాగ్రత్తగ తుడిచి, శుభ్రంగ చూసి గీసిన. వీళ్ళ అక్షరాల పట్టికల ఒక తప్పున్నది. కొన్ని అక్షరాలు రెండేసిసార్లు పెట్టిన్రు. ఇట్లాంటి పొరపాటు ప్రకాశం చేస్తే ప్రూఫులు మొహాన కొట్టేదాన్ని. నీ ఒకదాకు చెప్పు, వచ్చే అచ్చుల దిద్దుకోమని.

కోహీర్ జామకాయలు వచ్చినయి. నీ వాటా దేవమ్మ తినేసింది.

అత్త


నగోయా,
13 మార్చి 1988

అత్తమ్మకు శరణు.

అక్షరం బాగుంది. అబద్ధం కాదు.

పర్వానా ఈసారీ తెరుచుకోలే. దాని గురించి ఆలోచించకు. కొన్నాళ్ళు గీసుడు ఆపి చేతికి విశ్రాంతి ఇయ్యి. ఆట ఎక్కడికీ పోదు, పాము ఎక్కడికీ పోదు. నాయినకు ఒక ఉత్తరం రాసిన, వేరే పని మీద. ఆయన వస్తే జర మాట్లాడు. లోపలికి రానియ్యి.

పని ఎక్కువున్నది. తర్వాత వివరంగ రాస్త.

విరూప


జహీరాబాద్,
12 ఏప్రిల్ 1988

విరూపాక్షకు,

ఈ ఉత్తరం మొదటి నుంచి చివరిదాంక నా చేతిరాతే. ప్రకాశానికి ఇయ్యలే. చల్లారుస్తడు.

ఉగాది పోయినంక మీ నాయిన జీపేసుకొని వచ్చిండు. నాలుగేండ్ల సంది, తన జీతగాళ్ళ మీది వ్యాసంల తన పేరు రాసిన్నని, మా గడప తొక్కని మా అన్న చెన్నబసప్ప. చెప్పులు విడువకుంటనే వాకిట్ల నిలబడ్డడు.

"చెల్లె, పద. హైదరాబాద్‌ల పెద్ద డాక్టర్‌తోని మాట్లాడిన."

"ఎవరికేమైంది?"

"నీ చెయ్యి చిన్న చుక్క సుత పెడ్తలేదంట. పిలగాడు ఏడ్చుకుంట రాసిండు."

"ఏడ్చిన ఉత్తరం చూపియ్యి."

"ఇంటికాడ మరిచిన."

అబద్ధమే, జేబుల నుంచి నీలం కవరు కనపడుతనే ఉన్నది. 'పెద్ద గీతలు పడుతున్నయి గాని సన్న చుక్కలు పెట్టే పట్టు చేతికి రాలే, అత్తమ్మను అడిగితే నొచ్చుకుంటది' అని రాసినవంట, ఆయనే చెప్పిండు. నా చెయ్యి చుక్క పెట్టదా? ఇగో.

. . . . . . . . . . . . . . . . . . . . . .

చాలకుంటే ఇంకిన్ని పంపుత. ఏ చుక్కల గురించి రాసినవో నాకు తెల్వదు. అడిగితే చెప్పేదాన్ని. నన్ను అడగకుంట నా మీద నా అన్నకు అర్జీ పెట్టుకున్నవ్.

ఇంకా అయిపోలే. మా పంచాయితీ తెగేటట్టు లేదని దేవమ్మ చాయ పెట్టి టీవీ చాలూ చేసింది. మీ నాయిన "ఇదేంది" అని మిషన్ పట్టుకున్నడు. ఆయనది ఎడమచేతి వాటం. కుడి దిక్కు బటన్ల మీద ఎడమచెయ్యి పెట్టిండు.

"అన్నా, ఎడమది పెట్టకు. తీగ కాలుతది" అన్న.

"ఏం తీగ? ట్రాక్టర్ సుత ఎడమ చేత్తోనే తోల్త."

పొద్దు గుంకేదాంక ఆడిండు. తీగా కాలలే, పొగా రాలే. అప్పుడు నాకు సమజైంది. బీదర్ డాక్టర్ పోయిన వానాకాలంల నా ముందే నీకు చెప్పిండు, వేళ్ళు కదుపుతనే ఉండాలె అని. రబ్బరు బంతి ఇస్తే నేను విసిరికొట్టిన. దానికి నువ్వు మిషన్ తెచ్చి, తీగ కాలుతదని కథ చెప్పి, బెల్లంల పెట్టి మాత్ర మింగించినవ్. ఎడమచేతోళ్ళకు అన్యాయం జరుగుతున్నదని నేను వ్యాసానికి పాయింట్లు రాసుకున్న విరూపా. నలుగురికి చెప్పిన సుత.

మీ నాయినకు ఆ ఆట మస్తు నచ్చింది. కప్పల దగ్గర్నే ఆగిండు, రాజు యాదిల లేడు, నది యాదిల లేదు. రూకలు పడుతుంటె మొహం వెలిగిపోతున్నది.

"అవి చచ్చి నీకు పైసలిస్తున్నయన్నా. అచ్చం నీ చేన్ల జీతగాళ్ళ లెక్కనే" అన్న.

"ఆటల సుత వదలవా నన్ను?"

"వదల."

నవ్విండు. నాలుగేండ్లకు నవ్విండు. జొన్నరొట్టె తిని, జీపు ఖాళీగ తోలుకొని పోయిండు. పోయేముందు కొంగులేదని టవల్‌తోని టీవీ తుడుచుకుంట, "చెల్లె, ఈ ఈగలకు చదువొచ్చా ఏంది, అక్షరాల పక్కనే జంటలు జంటలుగ వాలుతున్నయి. ఎంత తుడిచినా ఆ రెండేసి మచ్చలు పోవు" అన్నడు. నేను ఆర్నెల్ల సంది అదే అనుకుంట తుడుస్తున్న.

మిషన్‌ను పాత చీరల మూటగట్టి అటక మీద పెట్టిన. నాతోని ఆడేటోడు నాతోని నిజం మాట్లాడాలె.

మహాదేవమ్మ


నగోయా,
1 మే 1988

అత్తమ్మకు శరణు, వెయ్యిసార్లు.

తిట్టు. ముందు ఇది చదివి తిట్టు.

అవి ఈగ మచ్చలు కావు.

జపాన్ల కొన్ని అక్షరాల భుజం మీద రెండు సన్న చుక్కలుంటయి. చుక్కలు లేకుంటే 'క', ఉంటే 'గ'. లేకుంటే 'త', ఉంటే 'ద'. పట్టికల అక్షరాలు రెండేసిసార్లు లేవు. ఒకటి చుక్కలది, ఒకటి చుక్కలు లేనిది. నువ్వు ఆర్నెల్ల సంది తుడుస్తున్నది అక్షరాన్నే. నాయిన మాట నీ ఉత్తరంల చదివి నేను కుర్చీల నుంచి లేచిన. ఒకదాకు చెప్తే వానికి నవ్వాగక నీళ్ళు తాగించాల్సొచ్చింది. వాడు ఇప్పుడు ఆ చుక్కలను 'జహీరాబాద్ ఈగలు' అంటున్నడు.

నేను ఏం చేసిన్నో చూడు. నీ రెండు పర్వానాలల్ల ఒక్క చుక్క లేదు. పెద్ద గీతలన్నీ సక్కగున్నయి. 'చుక్కలు ఏవి అత్తమ్మా' అని ఒక్క మాట అడిగితే అయిపోయేది. నీ చెయ్యి పెట్టలేకపోయిందనుకున్న. అడిగితే నీకు ఎట్లుంటదో అని నోరు రాలే. నువ్వేమో లేవనుకున్నవ్, నేనేమో రావనుకున్న. నీ చెయ్యి మొదటి పర్వానాకే నయమైంది. నా నోరే కాలే.

తీగ సంగతి అబద్ధమే. రబ్బరు బంతి నా చెవి పక్కకెల్లి పోయింది, యాదున్నదా? అందుకే ఆ కథ కట్టిన. దానికి క్షమించకున్నా సరే.

పోయిన ఉత్తరం నువ్వే రాసినవ్, నాలుగు పేజీలు, ఒక్కకాడ సుత ప్రకాశం మామ లేడు. కోపంల అదెంత పెద్ద సంగతో గమనించినవో లేదో.

ఇంటికి సెప్టెంబర్ల వస్త. అప్పటిదాంక ఆ మూట అటక మీదనే ఉంచుతవా?

నీ ఈగ,
విరూప


జహీరాబాద్,
5 జూన్ 1988

ఓరి విరూపా,

నీ ఉత్తరం దేవమ్మకు చదివి వినిపించిన. "అయితే నా బెల్లం మీద పడ్డ నింద పోయిందా?" అన్నది. పోయింది. ఆమెకు నేను క్షమాపణ చెప్పిన. ఈగలకు చెప్పలే.

నీకు చెప్పాల్సింది చెప్పి ముగిస్త. తీగ అబద్ధం మాఫ్. నన్ను కదిలించనీకి అబద్ధమాడినవ్, అది నాతోని చేసిన కుస్తీ. నేను ఓడిన, సరే. చుక్కల సంగతి మాత్రం మాఫ్ లేదు. ఆడ నువ్వు కుస్తీ పట్టలే. నన్ను మంచంల పడుకోబెట్టి దుప్పటి కప్పినవ్. తప్పుంటే తప్పని మొహాన కొట్టాలె. నేను రాసేదంతా జనం మొహాన కొట్టుడే గద, నాకెందుకు వద్దనుకున్నవ్? నాతోని వాదించు. జాలిపడకు. నీకు వచ్చిన మర్యాదలల్ల ఇది ఒక్కటి మరిచిపో.

కలుపు కూలి వ్యాసం మళ్ళ రాసిన. ప్రకాశం చూసి "చదవడానికి రావడం లేదు" అన్నడు. "అయితే నా పక్కన కూసొని కంపోజ్ చెయ్యి, నేను చదువుత" అన్న. దొంగను దొంగనే అని పెట్టించిన. మొదటి ప్రతి న్యాల్‌కల్ పంపిన. మీ నాయిన మనిషితోని కబురు పెట్టిండు. "పేరు ఈసారి సుత పెట్టినవా?" అని. పెట్టిన. వచ్చే ఆదివారం వస్తనన్నడంట, కప్పల కోసం.

మూట అటక దిగింది. ఆట చివరిదాంక పోయిన. ఎండిన వాగు, గాలి కొండ, ఆ బొందల గుహలు, అన్నీ. పాము గుహ ముంగట నిలబడ్డ. కత్తి పెద్దదున్నది, డాలున్నది, నా బాటసారి ఒక్క దెబ్బకు పడగొట్టగలడు. దేవమ్మ "కొట్టు, కొట్టు" అంటున్నది. వేళ్ళకు కూడ తిమ్మిరి లేదు. నాకు మాత్రం ఆ కందకం కండ్ల ముంగట్నుంచి పోతలేదు. మళ్ళిన. అంత దూరం వెనక్కి నడిచిన. ఈ క్యాసెట్ల మళ్ళనిస్తరు, అది దీని గొప్పతనం, ఒప్పుకుంటున్న. ఎర్ర క్యాసెట్ కంటే ఇది మంచి మనుషులు చేసిన ఆట. ఇది నా ఆఖరు అభిప్రాయం.

కింద పర్వానా. ప్రతి అక్షరం రెండుసార్లు చూసిన, దాని ఈగలతో సహా. ఇక్కడ మిషన్ల పెట్టి చూడలే. ధైర్యం చాలలే అని రాయను. కరెంటు లేదు అని రాస్తున్న.

తప్పుంటే తప్పు అని రాయి.

మహాదేవమ్మ


నగోయా,
26 జూన్ 1988

అత్తమ్మకు శరణు.

హాస్టల్ల అందరూ నా మంచం మీదనే కూసున్నరు. నేను ఒక్కో అక్షరం చదువుతుంటె ఒకదా పెట్టిండు. చుక్కలు వచ్చినప్పుడల్లా "ఈగ" అని తెలుగులనే అన్నడు. ఇది ఎవరి చేతిరాత, మీ దగ్గర బడిల పిల్లలకు నేర్పే పంతులమ్మదా అని అడిగిండు. అవునన్న.

ఒక తప్పున్నది. రెండో వరుసల చుట్ట కొస జర పొడుగైంది. అయినా మిషన్ ఒప్పుకున్నది. మొదటిసారికే తెరుచుకున్నది అత్తమ్మా.

నీ బాటసారి లేసిండు. గుహకాడ కాదు, రాజు కోట ముంగట, కందకం ఒడ్డున. ముసలమ్మ బాయి పక్కన. నీళ్ళు నీలంగ కదులుతున్నయి. ఒకదా "ఈయన ఇక్కడెందుకున్నడు, ఆట అవతలి దిక్కున్నది" అన్నడు. లోపలికి నడిపించిన. నీళ్ళ గురించి అడుగుదామని రాజు ముంగట నిలబెట్టి బటన్ నొక్కిన.

"ధీరుడా, నదిని తీసుకురా" అన్నడు.

మళ్ళ నొక్కిన. అదే మాట.

ఇన్నాళ్ళు వాణ్ణి మంచోడే, ముసలోడే అని నీతోని వాదించిన గద. ఈసారి నాకూ కోపమొచ్చింది.

నీ అల్లుడు,
విరూపాక్ష